స్ప్రెడ్‌షీట్లలో ఫార్ములా ప్రదర్శన లోపాలు: గోదావరి డెల్టా లెక్కల నుంచి

స్ప్రెడ్‌షీట్ గడిలో ఫార్ములా కొట్టి ఎంటర్ నొక్కితే జవాబు రావాలి. దాని బదులు ఫార్ములాయే అక్షరాలుగా నిలిచిపోవచ్చు, గడి నిండా ##### పరుచుకోవచ్చు, నిన్నటి మొత్తమే కదలకుండా ఉండిపోవచ్చు, భూమి సర్వే నంబరు ఉన్నచోట మార్చి నెల తేదీ ప్రత్యక్షం కావచ్చు. ఇలాంటివన్నీ కలిపి ఫార్ములా ప్రదర్శన లోపాలు. ఒకప్పుడు చిట్టా, ఆవర్జా పుస్తకాల్లో నడిచిన ఉభయ గోదావరి జిల్లాల లెక్కలు ఇప్పుడు చాలావరకు ఎక్సెల్ షీట్లలోకి వచ్చాయి. తాడేపల్లిగూడెం, మండపేట రైస్‌మిల్లుల కాటా లెక్కలు, భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మేత పద్దులు, కడియం నర్సరీల బిల్లులు, గ్రామ సచివాలయాల జాబితాలు, రాజమండ్రి ఆడిటర్ల ఆఫీసుల్లో ఏడాది చివరి పట్టికలు, అన్నీ అందులోనే. అందువల్ల ఈ లోపాలు కూడా ఇక్కడ రోజూ ఎదురయ్యేవే.

వీటిలో ఫార్ములా తప్పు వల్ల వచ్చేవి తక్కువ. ఎక్కువ భాగం మనం అంకెలు రాసే అలవాట్ల వల్ల వస్తాయి. సర్వే నంబరులో ఏటవాలు గీత, రూపాయల తర్వాత ‘/-’, సంఖ్య పక్కనే ‘బస్తాలు’, ‘లక్షలు’ అని రాయడం కాగితం మీద తరతరాలుగా చెల్లిన పద్ధతులు. అమెరికాలో పుట్టిన ప్రోగ్రాముకు అవి తెలియవు. ఫార్ములాను పదేపదే దిద్దుకుంటూ కూర్చోవడం కంటే, అది చదువుతున్న గడుల్లో ఏముందో చూడడం తక్కువ సమయంలో తేలే పని.

ఈ వ్యాసంలో ఫంక్షన్ల పేర్లను, గడుల పేర్లను తెలుగు లిపిలో ఇచ్చాం. కంప్యూటర్లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉండగా ఫంక్షన్ పేరు కొడితే ప్రోగ్రాము దాన్ని గుర్తుపట్టదు.

గడిలో ఉండే మూడు విషయాలు

1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ ఆపిల్-2 కంప్యూటర్ కోసం చేసిన విజికాల్క్‌తో మొదలై, 1983లో వచ్చిన లోటస్ 1-2-3, 1985లో మెకింతోష్ మీద, 1987లో విండోస్ మీద వచ్చిన ఎక్సెల్, 2006 నాటి గూగుల్ షీట్స్, 2010లో ఓపెనాఫీస్ నుంచి విడివడిన లిబ్రెఆఫీస్ వరకు అన్నిటికీ ఒకటే పునాది. ప్రతి గడిలోనూ మూడు వేరువేరు విషయాలు ఉంటాయి: మనం కొట్టినది, ప్రోగ్రాము దాన్ని అర్థం చేసుకుని దాచుకున్న విలువ, తెర మీద చూపించే రూపం. మొదటిది పైనున్న ఫార్ములా బార్‌లో కనబడుతుంది. మూడోది గడిలో కనబడుతుంది. రెండోది నేరుగా ఎక్కడా కనబడదు. లెక్క నడిచేది మాత్రం దాని మీదే.

ఉదాహరణకు 2025-26లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. డెల్టాలో బేరమంతా 75 కిలోల బస్తా మీద సాగుతుంది కాబట్టి బస్తా ధర 1,776.75. గడికి పైసలు చూపించవద్దని చెప్పి ఉంటే తెర మీద 1,777 అని ఉంటుంది. 40 బస్తాలకు షీటు 71,070 చూపిస్తుంది. రైతు ఫోన్‌లోని కాలిక్యులేటర్‌లో 1,777ను 40తో హెచ్చవేస్తే 71,080 వస్తుంది. పది రూపాయల తేడాకు కాటా దగ్గర మాటా మాటా పెరుగుతుంది. నిజానికి షీటు లెక్క సరైనదే, చూపించిన ధరే సరైనది కాదు. ధరను రూపాయికి సరిచేసి ఇవ్వదలచుకుంటే రౌండ్ ఫంక్షన్‌తో విలువనే మార్చాలి. పైసలతో సహా ఇవ్వదలచుకుంటే రెండు దశాంశ స్థానాలు కనిపించేలా పెట్టాలి. ‘చూపినంతే విలువ’ అనే సెట్టింగు ఒకటి ఎక్సెల్‌లో ఉంది గానీ, అది పైసలను శాశ్వతంగా కోసేస్తుంది. ఫైలు మొత్తానికి వర్తిస్తుంది కాబట్టి దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఫార్ములా అక్షరాలుగా నిలిచిపోతే

గడిలో =బి2*75/100 అని కొడితే జవాబు రాకుండా =బి2*75/100 అనే కనబడుతోందంటే కారణాలు నాలుగైదుకు మించవు. అన్నిటికంటే తరచుగా జరిగేది, ఆ గడికి ముందే ‘టెక్స్ట్’ ఫార్మాట్ ఉండడం. ఆధార్ నంబర్లు చెడిపోకుండా కాలమ్ మొత్తానికి టెక్స్ట్ పెడతారు. తర్వాత దాని పక్కన కొత్త కాలమ్ చొప్పిస్తే అదీ టెక్స్ట్‌గానే పుడుతుంది. అందులో ఏ ఫార్ములా కొట్టినా అక్షరాల కిందే లెక్క.

ఇక్కడ చాలామంది చిక్కుకునే చోటు ఒకటుంది. ఫార్మాట్‌ను ‘జనరల్’కు మార్చినంత మాత్రాన జవాబు రాదు. ఫార్మాట్ మార్పు తెర మీది రూపానికే తగులుతుంది. లోపల దాచుకున్న విలువ అక్షరాలుగానే ఉంటుంది. గడి మీద ఎఫ్2 నొక్కి, మళ్ళీ ఎంటర్ కొట్టాలి. వరుసలు వందల్లో ఉంటే కాలమ్‌ను ఎంచుకుని డేటా మెనూలో ‘టెక్స్ట్ టు కాలమ్స్’ తెరిచి, ఏమీ మార్చకుండా ‘ఫినిష్’ నొక్కితే అన్నీ ఒకేసారి మళ్ళీ ఎక్కించినట్టవుతుంది.

దీనికే చెందిన మరో వింత ఉంది. టెక్స్ట్ గడిని చూపిస్తూ ఫార్ములా కొడితే మొదటిసారి జవాబు వస్తుంది. కానీ ఆ ఫార్ములా గడి తనకు తెలియకుండానే టెక్స్ట్ ఫార్మాట్‌ను అంటించుకుంటుంది. నెల తర్వాత ఎవరో ఒక అంకె దిద్ది ఎంటర్ కొట్టగానే జవాబు మాయమై ఫార్ములా బయటపడుతుంది. ‘నిన్నటిదాకా పనిచేసిందండీ’ అనే ఫిర్యాదు వెనక తరచుగా ఉండేది ఇదే.

షీటు మొత్తం మీద అన్ని గడులూ ఒకేసారి ఫార్ములాలు చూపిస్తూ, కాలమ్‌లు వెడల్పై, తేదీలు ఐదంకెల సంఖ్యలుగా మారిపోతే కారణం వేరు. అది లోపం కాదు, ‘షో ఫార్ములాస్’ అనే వసతి. కంట్రోల్‌తో పాటు, ట్యాబ్‌కు పైన 1 అంకెకు ఎడమ పక్కన ఉండే మీట పొరపాటున తగిలితే అది ఆన్ అవుతుంది. అదే జంట మళ్ళీ నొక్కితే పోతుంది. పాత ఆడిటర్లు దీన్ని కావాలనే వాడతారు. ఫార్ములాలతో నిండిన కాలమ్ మధ్యలో ఎవరైనా చేత్తో అంకె కొట్టి ఉంటే ఈ చూపులో వెంటనే దొరికిపోతుంది.

బరాబర్ గుర్తుకు ముందు ఖాళీ ఉన్నా, ఒంటి కోట్ గుర్తు ఉన్నా ఫార్ములా అక్షరమైపోతుంది. ఒంటి కోట్ గడిలో కనబడదు, ఫార్ములా బార్‌లోనే కనబడుతుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫార్ములాను కాపీ చేసినప్పుడు రెండు రకాల హాని జరుగుతుంది: నిటారు కోట్‌లు వంపు కోట్‌లుగా మారతాయి, మైనస్ గుర్తు పొడవాటి గీతగా మారుతుంది. అప్పుడు సాధారణంగా #నేమ్? వస్తుంది. ఆ గుర్తులను కీబోర్డు మీద మళ్ళీ కొట్టడం తప్ప వేరే మందు లేదు.

అంకెలా కనబడే అక్షరాలు

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ రకం. ఎందుకంటే దీనిలో చాలాసార్లు తప్పు సందేశం కూడా రాదు. బస్తాల కాలమ్‌లో ‘40 బస్తాలు’ అనో, జమ కాలమ్‌లో ‘500/-’ అనో, ‘రూ.500’ అనో కొడితే అవి సంఖ్యలు కావు. వాటిని హెచ్చవేస్తే #వాల్యూ! వస్తుంది, అది నయం, కనీసం తెలుస్తుంది. సమ్ ఫంక్షన్ మాత్రం అక్షరాలున్న గడులను నోరెత్తకుండా వదిలేసి మిగతావి కూడుతుంది. ముప్ఫై మంది రైతుల్లో ఇద్దరి వరుసల్లో ‘/-’ ఉంటే మొత్తం ఇరవై ఎనిమిది మందిది వస్తుంది. కాలమ్ అంతా అలాగే ఉంటే సున్నా వస్తుంది. సున్నా వచ్చినవాడే అదృష్టవంతుడు.

గుర్తుపట్టే తేలిక దారి గడిలో అంకె ఏ వైపు ఆనుకుందో చూడడం. ఎవరూ మార్చకపోతే సంఖ్యలు కుడికి, అక్షరాలు ఎడమకు ఉంటాయి. అందం కోసం అన్నిటినీ మధ్యకు జరిపిన షీటులో ఈ ఆనవాలు పోతుంది. లెక్కల కాలమ్‌ను మధ్యకు జరపకూడదని చెప్పడానికి ఇది చాలు. నమ్మకంగా తేల్చుకోవాలంటే పక్క కాలమ్‌లో =ఈజ్‌నంబర్(బి2) అని కొట్టి కిందకు లాగాలి.

‘/-’ను తీసేయడానికి ఫైండ్-రీప్లేస్ చాలు, రెండో పెట్టెను ఖాళీగా వదిలితే మిగిలింది సంఖ్యగా మారుతుంది. ప్రమాణం పేరు కనబడాల్సిందే అనుకుంటే దాన్ని గడిలో కొట్టకుండా ఫార్మాట్‌లో పెట్టాలి. కస్టమ్ ఫార్మాట్‌లో 0" బస్తాలు" అని రాస్తే, 40 కొట్టగానే తెర మీద ‘40 బస్తాలు’ అని వస్తుంది, లోపల 40 మాత్రమే ఉంటుంది.

ఈ లోపం ఎంత దూరం పోగలదో ధవళేశ్వరం దగ్గర చూద్దాం. కాటన్ బ్యారేజీ వద్ద నీటి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది జారీ చేస్తారు. మట్టాల్లో చెబితే 11.75, 13.75, 17.75 అడుగులు. 1986 ఆగస్టు వరదలో ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. గంట గంటకూ వచ్చే ప్రవాహాన్ని ఒక కాలమ్‌లో వేసి, పక్కన =ఇఫ్(బి2>=1700000,"మూడో హెచ్చరిక",ఇఫ్(బి2>=1300000,"రెండో హెచ్చరిక",ఇఫ్(బి2>=1000000,"మొదటి హెచ్చరిక","లేదు"))) అని రాశారనుకుందాం. ఫార్ములాలో తప్పేమీ లేదు. ఇప్పుడు ఒక వరుసలో 950000 అని కొట్టకుండా, టీవీలో చెప్పినట్టు ‘9.5 లక్షలు’ అని కొడితే ఏం జరుగుతుంది? తప్పు సందేశం రాదు. ‘మూడో హెచ్చరిక’ అని వస్తుంది. అక్షరాలను సంఖ్యతో పోల్చాల్సి వస్తే ఏ అక్షరమైనా ఏ సంఖ్య కంటేనైనా పెద్దదిగానే ఎక్సెల్ లెక్కిస్తుంది. మొదటి హెచ్చరిక స్థాయికే చేరని ప్రవాహం తెర మీద లంక గ్రామాలను ముంచేస్తుంది. ఇలాంటి ఫార్ములా ముందు =ఇఫ్(ఈజ్‌నంబర్(బి2)... అని కాపలా పెట్టడం తప్పనిసరి. ఇంకా మంచిది, డేటా వాలిడేషన్‌తో ఆ కాలమ్‌లో సంఖ్య తప్ప మరేదీ పట్టకుండా చేయడం.

లక్షల కామాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2580000ను షీటు 2,580,000 అని చూపిస్తే చదివేవాడు ఇరవై ఐదు లక్షల ఎనభై వేలు అనుకోవడానికి ఒక్క క్షణం ఆగాలి. విండోస్ రీజియన్ సెట్టింగును ‘ఇంగ్లీష్ (ఇండియా)’కు గాని, తెలుగుకు గాని మార్చితే 25,80,000 అని వస్తుంది. ఇతరుల కంప్యూటర్లోనూ అలాగే కనబడాలంటే [>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0 అనే కస్టమ్ ఫార్మాట్ వాడుకలో ఉంది. రుణాత్మక సంఖ్యలు వస్తే ఇది పాశ్చాత్య పద్ధతికి జారిపోతుంది. అప్పుల కాలమ్‌కు పనికిరాదు.

ట్యాలీ నుంచి ఎక్సెల్‌కు తీసిన పట్టికల్లో దీనికి తమ్ముడిలాంటి లోపం ఉంటుంది. మొత్తాల పక్కన కనబడే ‘డెబిట్’, ‘క్రెడిట్’ పొడి అక్షరాలు చాలాసార్లు ఫార్మాట్‌లో భాగం, విలువలన్నీ ధనాత్మకమే. నిలవ తేల్చడానికి కూడితే జమా ఖర్చూ ఒకదానికొకటి కలిసిపోతాయి. గడి ఫార్మాట్ తెరిచి చూస్తే గాని ఈ అక్షరాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు.

సర్వే నంబరు తేదీ అయిపోవడం

భూమి లెక్కల్లో సర్వే నంబరుకు ఉపవిభాగాన్ని 12/3, 5-2 అని రాస్తాం. ఎక్సెల్‌కు ఇవి తేదీలు. భారతీయ సెట్టింగు ఉంటే 12/3 మార్చి 12గా, అమెరికా సెట్టింగు ఉంటే డిసెంబరు 3గా మారుతుంది. మారిన తర్వాత గడిలో 12/3 అనేది ఎక్కడా మిగలదు. 2025లో కొట్టి ఉంటే లోపల ఉండేది 45728 అనే సంఖ్య. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని అక్కడి నుంచి రోజులు లెక్కపెడితే వచ్చేది అది. లోటస్ 1-2-3లోని పొరపాటును అనుకూలత కోసం అలాగే ఉంచడం వల్ల 1900 లీపు సంవత్సరమని కూడా ఎక్సెల్ నమ్ముతుంది. తేదీ చూసి కంగారుపడి ఫార్మాట్‌ను టెక్స్ట్‌కు మార్చేవారికి ఆ 45728 దర్శనమిస్తుంది. అన్‌డూ కొట్టగలిగితే సరే. ఫైలు మూసి తెరిచాక అసలు నంబరును కాగితం చూసి మళ్ళీ ఎక్కించుకోవాల్సిందే.

ఒకే కాలమ్‌లో కొన్ని మారి కొన్ని మారకపోవడం మరింత చికాకు. 12/3 తేదీ అవుతుంది, 112/3 అక్షరంగానే ఉంటుంది, 12/3ఎ కూడా అంతే. పాస్ పుస్తకం జాబితాతో పోల్చే వీలుకప్ ఫార్ములా కొందరు రైతులకు దొరికి, కొందరికి #ఎన్/ఎ ఇస్తుంది. దొరకని వాళ్ళ వివరాలు లేవని అనుకుంటారు. ఉన్నాయి, తేదీ వేషంలో ఉన్నాయి. మన ఊళ్ళలో డోర్ నంబర్లకూ ఇదే గతి: 7-4-12 అని కొడితే 2012 ఏప్రిల్ 7 అవుతుంది.

మందు ఒక్కటే. కొట్టడానికి ముందే ఆ కాలమ్‌కు టెక్స్ట్ ఫార్మాట్ పెట్టాలి, లేదా అంకెకు ముందు ఒంటి కోట్ పెట్టాలి. తర్వాత చేసే వైద్యాన్ని నమ్మలేం. ఇది మన భూమి లెక్కల సమస్య మాత్రమే కాదు. మార్చ్1, సెప్ట్1 వంటి పేర్లున్న మానవ జన్యువులను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుండడంతో విసిగిపోయి, 2020లో జన్యువుల పేర్లు నిర్ణయించే అంతర్జాతీయ సంఘం ఆ పేర్లనే మార్చేసింది. 2023లో మైక్రోసాఫ్ట్ ఆటోమేటిక్ మార్పిడిని ఆపే సెట్టింగులు కొన్ని ఇచ్చింది. ముందున్న సున్నాలు పోకుండా, పెద్ద సంఖ్యలు చెడకుండా అవి ఉపయోగపడతాయి. తేదీల విషయంలో ఆ సెట్టింగు అక్షరాలూ అంకెలూ కలిసిన మాటలకే, 12/3ను ఆపదు. మన సర్వే నంబర్ల పేర్లు మార్చే సంఘం ఎటూ లేదు కాబట్టి జాగ్రత్త మనదే.

పొడవాటి నంబర్లది మరో తీరు. 12 అంకెల ఆధార్ నంబరును జనరల్ గడిలో కొడితే మధ్యలో ‘ఇ+11’ అని చూపిస్తుంది. ఇది రూపం మాత్రమే; నంబర్ ఫార్మాట్ పెడితే అంకెలన్నీ తిరిగి వస్తాయి. కానీ 16 అంకెల కార్డు నంబరు, ఖాతా నంబరు అయితే 15 అంకెల తర్వాతది సున్నా అయిపోతుంది, ఇక రాదు. కనబడే తీరు రెండిటికీ ఒకటే, నష్టం మాత్రం రెండోదానికే. డబ్బు జమ చేసే జాబితాల్లో ఖాతా నంబరును సంఖ్యగా ఎక్కించడం క్షమించరాని పని.

ఎకరాలు, సెంట్లు

ఎకరానికి నూరు సెంట్లు కావడంతో డెల్టాలో భూమి విస్తీర్ణం దశాంశ పద్ధతికి చక్కగా సరిపోతుంది: 2 ఎకరాల 5 సెంట్లు అంటే 2.05, రెండున్నర ఎకరాలంటే 2.50. చిక్కంతా చివరి సున్నా దగ్గర. జనరల్ ఫార్మాట్ 2.50ను 2.5 అని చూపిస్తుంది. దాన్ని చూసి దస్తావేజు రాసేవారు ‘రెండు ఎకరాల ఐదు సెంట్లు’ అని చదివితే 45 సెంట్లు గల్లంతు. కోనసీమలో 45 సెంట్ల కొబ్బరితోట అంటే చిన్న మాట కాదు. షీటులో కూడిక మాత్రం సరిగ్గానే ఉంటుంది. చూపు తప్పినా విలువ తప్పలేదన్నమాట. దీనికి విరుద్ధంగా, 5 సెంట్లను ఉద్దేశించి 2.5 అని కొట్టినవాడి షీటులో విలువే తప్పు, ఏ ఫార్మాటూ దాన్ని సరిచేయదు. విస్తీర్ణం కాలమ్‌కు ఎప్పుడూ 0.00 ఫార్మాట్ పెడితే రెండు దశాంశాలు రాయాలన్న స్పృహ కొట్టేవారికీ కలుగుతుంది. అనుమానం ఉన్నచోట ఎకరాలకు ఒక కాలమ్, సెంట్లకు ఒక కాలమ్ పెట్టడం ఇంకా క్షేమం.

ధాన్యం తేమ శాతానిదీ ఇలాంటి కథే. కొనుగోలు కేంద్రాల్లో తేమ పరిమితి 17 శాతం. శాతం ఫార్మాట్ ముందే పెట్టిన గడిలో 17 కొడితే 17% అవుతుంది. మామూలు గడిలో 17 కొట్టి తర్వాత శాతం గుర్తు నొక్కితే 1700% అవుతుంది.

##### గుర్తులు, తప్పు సంకేతాలు

##### కనబడితే తొంభై పాళ్ళు కాలమ్ ఇరుకై ఉంటుంది. కాలమ్ అంచు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే విప్పుకుంటుంది. వెడల్పు ఎంత పెంచినా పోకపోతే గడిలో రుణాత్మక సమయమో, తేదీయో ఉన్నట్టు. రాత్రి 10 గంటలకు రావులపాలెంలో అరటి గెలలు ఎత్తిన లారీ ఉదయం 6కు దిగితే, దిగిన సమయంలోంచి ఎత్తిన సమయం తీసేసే ఫార్ములా ఈ గీతలే ఇస్తుంది. =మాడ్(సి2-బి2,1) అని రాస్తే 8 గంటలు వస్తుంది.

మిగిలిన సంకేతాలు తమ పేరు తామే చెబుతాయి. #డివ్/0! అంటే సున్నాతోనో ఖాళీ గడితోనో భాగించాం. #రెఫ్! అంటే ఫార్ములా ఆధారపడ్డ గడిని ఎవరో తొలగించారు. అన్‌డూ తప్ప సులువైన మార్గం లేదు. #స్పిల్! కొత్త ఎక్సెల్‌లో వచ్చినది, జవాబు పరుచుకోవాల్సిన గడుల్లో ఏదో అడ్డం ఉందని అర్థం. వీటన్నిటినీ ఇఫ్‌ఎర్రర్‌తో కప్పి ఖాళీ గడిగా చూపించడం ఈ మధ్య ఫ్యాషన్ అయింది. పై అధికారికి పంపే షీటు శుభ్రంగా కనబడుతుంది, నిజమే. తప్పు ఎక్కడుందో ఇక ఎవరికీ కనబడదు, అదీ నిజమే.

రొయ్యల ధరల పట్టికలో #ఎన్/ఎ రావడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. రొయ్య ధర కౌంటును బట్టి, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్నదాన్ని బట్టి ఉంటుంది. భీమవరం ప్రాంతంలో ధరలను 100 కౌంటు నుంచి మొదలుపెట్టి 90, 80 అంటూ 30 దాకా రాసుకునేవారు ఉన్నారు. వీలుకప్‌లో నాలుగో వివరం ఇవ్వకపోతే అది ఉజ్జాయింపు పోలిక చేస్తుంది. దానికి పట్టిక చిన్న సంఖ్య నుంచి పెద్దదానికి పోవాలి. తలకిందులుగా ఉంటే #ఎన్/ఎ వస్తుంది, లేదా అంతకంటే ఘోరంగా వేరే కౌంటు ధర వస్తుంది. పట్టికను 30 నుంచి 100కు మార్చుకోవాలి. సరిగ్గా అదే కౌంటు కావాలంటే నాలుగో వివరంగా 0 ఇవ్వాలి.

ఊరి పేరు దొరకకపోతే

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగింది. పాత తూర్పు గోదావరి నుంచి కాకినాడ, అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లాలు వేరుపడ్డాయి. తూర్పు గోదావరి కేంద్రం రాజమహేంద్రవరానికి వచ్చింది. పశ్చిమ గోదావరి కేంద్రం భీమవరం అయింది, ఏలూరు వేరే జిల్లా అయింది. కొవ్వూరు, నిడదవోలు గోదావరి దాటకుండానే పశ్చిమం నుంచి తూర్పుకు మారాయి. పాత జిల్లాల పట్టికను చూసే ఫార్ములాలు కొన్నిచోట్ల #ఎన్/ఎ ఇచ్చి బతికించాయి. కొవ్వూరుకు మాత్రం ‘పశ్చిమ గోదావరి’ అని నిబ్బరంగా తప్పు చెబుతూ పోయాయి. 2015లో రాజమండ్రి అధికారికంగా రాజమహేంద్రవరం అయినప్పటి నుంచి ఆ పేరుకూ రెండు రూపాలు షీట్లలో తిరుగుతున్నాయి.

తెలుగులో పేర్లు రాసినప్పుడు ఇంకో పొర చేరుతుంది. తాళ్లరేవు, తాళ్ళరేవు మనకు ఒకటే, ఫార్ములాకు రెండు. ‘పి.గన్నవరం’లో చుక్క తర్వాత ఖాళీ ఉంటే ఒకటి, లేకపోతే మరొకటి. రైస్‌మిల్లు అని ఫోన్‌లో కొట్టినప్పుడు పొల్లు తర్వాత కంటికి కనబడని గుర్తు ఒకటి చేరుతుంది. వత్తుగా కలిసిపోకుండా ఆపేది అదే. అది ఉన్న మాట, లేని మాట వేరువేరు కోడ్‌లతో ఉంటాయి కాబట్టి పోలిక చెడగొట్టగలదు. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే 160 కోడ్ ఖాళీ కూడా అలాంటిదే. ట్రిమ్ ఫంక్షన్ ఈ రెంటినీ తీయలేదు. =సబ్‌స్టిట్యూట్(ఎ2,యూనికార్(8204),"") మొదటిదాన్ని, 8204 బదులు 160 పెడితే రెండోదాన్ని తీస్తుంది.

అనుమానం తీరాలంటే లెన్ ఫంక్షన్‌తో పొడవు చూడాలి. అయితే అది మనలా అక్షరాలు లెక్కపెట్టదు. ‘కొవ్వూరు’ మన లెక్కలో మూడక్షరాలు. హల్లు, పొల్లు, గుణింతం గుర్తు విడివిడిగా లెక్కించే లెన్‌కు ఎనిమిది. లెఫ్ట్ ఫంక్షన్‌తో మొదటి మూడు తీయమంటే ‘కొవ’ అని కోసి ఇస్తుంది. పేర్లతో పోల్చడం కంటే ప్రతి మండలానికీ, ఊరికీ ఒక కోడ్ సంఖ్య పెట్టుకుని దానితో పోల్చడమే తెలుగు షీట్లకు శ్రేయస్కరం.

లిపి చెదిరిపోవడం

విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చినప్పటి నుంచి యూనికోడ్ తెలుగు ఎక్సెల్‌లో బాగానే నడుస్తోంది. డీటీపీ సెంటర్లలో నేటికీ వాడే అను ఫాంట్లతో చేసిన షీట్లే తంటా. అవి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టుకున్న ఫాంట్లు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెలుగంతా ఇంగ్లీషు గజిబిజిగా కనబడుతుంది. ఆ ఫాంట్ పెట్టిన గడిలో తప్పు సంకేతం వస్తే అది కూడా అర్థంలేని తెలుగు ముక్కలుగా కనబడి, ఫార్ములా తప్పిందన్న సంగతే తెలియనివ్వదు. లెక్కల గడులకు ఆ ఫాంట్ వాడకూడదు.

సీఎస్‌వీ ఫైలును రెండుసార్లు క్లిక్ చేసి తెరిచినప్పుడు తెలుగు మొత్తం యూరోపియన్ గుర్తుల వరుసగా మారిపోతే ఫైలు పాడవలేదు. దాన్ని మూసేసి, డేటా మెనూలో ‘ఫ్రమ్ టెక్స్ట్’ ద్వారా తెచ్చుకుంటూ, కోడ్‌ల జాబితాలో 65001 యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. సేవ్ మాత్రం చేయకూడదు. చేస్తే ఆ గజిబిజే అసలైపోతుంది.

పాత జవాబు కదలకపోతే

అంకె మార్చినా మొత్తం మారకపోతే ఫార్ములాస్ మెనూలోని కాల్క్యులేషన్ ఆప్షన్స్‌లో ‘మాన్యువల్’ ఉందేమో చూడాలి. ఎఫ్9 నొక్కితే అప్పటికి లెక్క కడుతుంది. ‘ఆటోమేటిక్’ పెడితే శాశ్వతంగా సరిపోతుంది. ఈ సెట్టింగు ఆ పూట మొదట తెరిచిన ఫైలు నుంచి మిగతా వాటికి పాకుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఎవరో తెచ్చిన బరువైన ఫైలును ముందు తెరిస్తే మన ఫైలు కూడా మొద్దుబారడానికి కారణం అదే. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో వచ్చిన ఫైలు ‘ప్రొటెక్టెడ్ వ్యూ’లో తెరుచుకుంటే పంపినవారు సేవ్ చేసిన నాటి జవాబులే ఉంటాయి, ‘ఎనేబుల్ ఎడిటింగ్’ నొక్కాలి.

కొత్త ఎక్సెల్‌లోని ఎక్స్‌లుకప్ వంటి ఫంక్షన్లు పాత 2010, 2013 వెర్షన్లకు తెలియవు. అక్కడ దిద్దబోతే #నేమ్? వస్తుంది. లిబ్రెఆఫీస్‌కు ఎక్స్‌లుకప్ 2024లో వచ్చిన 24.8 వెర్షన్‌తో అందింది. పది కార్యాలయాల్లో పది రకాల వెర్షన్లు తిరిగే షీటుకు పాత వీలుకప్, లేదా ఇండెక్స్-మ్యాచ్ జంట క్షేమం. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రకం ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. 2007 తర్వాతి రకంలో 10,48,576 పడతాయి. 2020 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు లెక్కకు రాకుండా పోయింది ఈ పాత ఫైలు పరిమితి వల్లే.

ఇంకొకరి సాయం అడిగేటప్పుడు చాలామంది గడిని మాత్రమే ఫోటో తీసి పంపుతారు. అందులో తెర మీది రూపం ఒక్కటే ఉంటుంది. తేడా ఉన్న గడి మీద కర్సర్ పెట్టి, పైనున్న ఫార్ములా బార్, కాలమ్ అక్షరం, వరుస సంఖ్య కూడా పడేలా ఫోటో తీయండి; కుదిరితే ఫైలునే పంపండి. అందులో రైతుల ఆధార్, ఖాతా నంబర్లు ఉంటే ముందు తీసేయండి.